ఖాళీ వేరు, సున్నా వేరు: మెయిన్‌ఫ్రేమ్ పునశ్చరణ శిక్షణ, రెండేళ్లు దాటాక

బ్యాంకులు, బీమా సంస్థల లెక్కలు నడిపే పెద్ద కంప్యూటర్ మెయిన్‌ఫ్రేమ్ మీద ఏళ్ల తరబడి పనిచేసినవారి కోసం పెట్టిన ఆరు వారాల పునశ్చరణ శిక్షణలో 2022 చివర్లో చేరాను. పూర్తయిన వెంటనే తెగ మెచ్చుకుని, తెలిసినవారందరినీ చేరమన్నాను. ఆ మాటను ఇప్పుడు కాస్త సవరించుకోవాలి. కానీ నాలుగో వారంలో రెండు సాయంత్రాలు జరిగిన డంప్ (ఆగిపోయిన ప్రోగ్రామ్ మెమరీని ఉన్నదున్నట్టు చూపే చిట్టా) పాఠం మీద నా అభిమానం మాత్రం పెరిగిందే తప్ప తగ్గలేదు.

నేను 2020 నుంచి ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి నుంచే పనిచేస్తున్నాను. తరగతి రాత్రి ఎనిమిదింటికి. మొదటి సాయంత్రం గురువుగారు అందరికీ ఒక డంప్ పంపి, ముందు కాగితం మీద అచ్చు వేసుకోమన్నారు. తప్పు ఏ లైనులో ఉందో చెప్పే పరికరాలకు అలవాటుపడి, చేత్తో వెతకడం మేము దాదాపు మరిచిపోయాం. ప్రోగ్రామ్ ఆగిన చోటును నమోదు చేసే పీఎస్‌డబ్ల్యూలోని చిరునామాలోంచి ప్రోగ్రామ్ మొదలైన చిరునామాను పెన్సిలుతో తీసివేసి, కంపైలర్ (మన కోబాల్ ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది) ఇచ్చే లిస్టింగులో ఆ స్థానాన్ని పట్టుకోవాలి. పదహారు అంకెల హెక్సా లెక్కలో అప్పు తెచ్చుకుంటే పది కాదు, పదహారు వస్తుందని గుర్తు చేసుకోవడానికే నాకు పది నిమిషాలు పట్టింది. చివరికి ప్యాక్డ్ అంకె (బైటుకు రెండేసి అంకెలు, చివర ప్లస్ లేదా మైనస్ గుర్తు) ఉండాల్సిన చోట 40 40 40 కనబడింది. అంటే అక్కడ ఖాళీలు (స్పేస్ అక్షరాలు) కూర్చున్నాయి. గుర్తు ఉండాల్సిన చివరి సగం బైటులో సున్నా ఉంది, అది చెల్లదు. అందుకే సాక్ సెవెన్, అంటే చెల్లని అంకె తగిలి ప్రోగ్రామ్ ఆగిపోయే తప్పు.

మెయిన్‌ఫ్రేమ్ అక్షర సంకేతాలైన ఈబీసీడిక్‌లో ఖాళీ 40, మామూలు కంప్యూటర్ల ఆస్కీలో 20. సున్నా అంకె ఇక్కడ ఎఫ్0, అక్కడ 30. ఒకే వస్తువును ఇంట్లో తెలుగులో ఉప్పు, బజారులో ఒడియాలో లుణ అంటూ పెరిగిన మా ఊరివాళ్లకు ఈ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

రెండో సాయంత్రం అసలు విషయం వచ్చింది. ప్యాక్డ్ కాకుండా బైటుకొక అంకె ఉండే మామూలు డిస్‌ప్లే అంకెల గడిలో ఖాళీలుంటే ఏమవుతుంది? పాత కంపైలర్ సున్నాతో పోల్చేటప్పుడు బైటులో పై సగాన్ని పట్టించుకోకుండా కింది సగాన్నే చూసేది. 40లో కింది సగం సున్నాయే కాబట్టి ఖాళీ కూడా సున్నాతో సమానమైపోయేది. 2013లో వచ్చిన ఐబీఎం కోబాల్ ఐదో వెర్షన్ నుంచి కంపైలర్ డేటా సరిగ్గానే ఉందని నమ్మి, వేగం కోసం నేరుగా పోలుస్తుంది. అప్పుడు ఖాళీ సున్నాకు సమానం కాదు. ప్రోగ్రామ్ ఆగదు, హెచ్చరిక రాదు, దారి మాత్రం మారిపోతుంది. "ఇన్నేళ్లూ మీ ఖాళీని సున్నాగా చదివిపెట్టింది పాత కంపైలర్ మంచితనమండీ" అన్నారాయన. ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకున్నాను.

పాత కంపైలర్ 4.2 వెర్షన్‌కు మద్దతు 2022 ఏప్రిల్ 30తో ముగిసినా, మా ప్రాజెక్టు ఆరో వెర్షన్‌కు మారింది 2024లో. పరీక్ష రన్‌లో ప్రీమియం మొత్తం పాత రిపోర్టుతో కలవలేదు. రాయితీ ఉన్నవారికి మాత్రమే పడాల్సిన చిన్న రుసుము లేనివారికీ పడింది. విశాఖలో ఉన్న మా బృందం రెండు రోజులు ప్రోగ్రామ్ తర్కాన్నే గాలించింది. ఒక్క అక్షరం మార్చలేదాయె, అందులో ఏం దొరుకుతుంది? మూడో రోజు రాత్రి ఫైలు తెరిచి, ప్రతి బైటునూ రెండు వరుసల్లో హెక్సాగా చూపే హెక్స్ ఆన్ కొట్టాను. రాయితీ గడి కింద పై వరుసలో 44444, కింది వరుసలో 00000. సరైన రికార్డులో పై వరుస నిండా ఎఫ్‌లు. బృందంలోని కుర్రాడికి ఫోను చేస్తే "ఖాళీ అంటే సున్నాయే కదండీ?" అన్నాడు. రెండేళ్ల క్రితం నేనూ అదే అనేవాణ్ణి. అంకెల గడుల్లో చెల్లని డేటాను పట్టే నమ్‌చెక్ ఆప్షన్ పెట్టి కంపైల్ చేసి నడపగానే ఇంకో నాలుగు ప్రోగ్రాముల్లో ఇదే రోగం బయటపడింది. తాత్కాలికంగా జోన్‌డేటా ఆప్షన్‌తో పాత పద్ధతి నిలబెట్టి, తర్వాత తీరిగ్గా ప్రతిచోటా గడిలో ఉన్నవి అంకెలేనా అని చూసే న్యూమరిక్ పరీక్ష రాశాం.

ఇక సవరణ. మొదటి రెండు వారాలు డీడీ స్టేట్‌మెంట్లు (జాబ్‌కు ఏ ఫైళ్లు కావాలో చెప్పే లైన్లు), వీశామ్ అనే ఫైళ్ల పద్ధతిలోని రకాలు. పాతికేళ్లుగా అవే రాస్తున్నవారికి వాటిని మళ్లీ అక్షరాభ్యాసంలా చెప్పడం అన్యాయం. కొత్త ఎడిటర్లు, ప్రోగ్రామ్ మార్పుల చరిత్ర దాచే గిట్ గురించి చెప్పిన వారం అప్పట్లో చాలా నచ్చింది, కానీ మా కార్యాలయంలో ఇప్పటికీ మెయిన్‌ఫ్రేమ్ పాత తెరలైన ఐఎస్‌పీఎఫ్ మీదే పని కాబట్టి అది చేతికి అలవడలేదు. అన్నిటికంటే బాధ కలిగించినది అభ్యాస సిస్టమ్ లాగిన్. శిక్షణ ముగిసిన నెలకే తీసేశారు. వీడియోలు ఉన్నాయి, కానీ డంప్ చదవడం చూస్తే వచ్చే విద్య కాదు. మా ఊళ్లో కరెంటు పోయి రెండు తరగతులు మధ్యలో ఆగిపోతే, వాటిని సిస్టమ్ మీద మళ్లీ చేసి చూసుకునే వీలు లేకపోయింది.

ఫీజులో సగం మా కంపెనీ భరించింది, అది కూడా నా అభిప్రాయంలో ఉండే ఉంటుంది. నాది పూర్తిగా బ్యాచ్ కోబాల్ పని, అంటే తెర ముందు ఎవరూ లేకుండా గుత్తగా నడిచే ప్రోగ్రాములు. తెర మీద అప్పటికప్పుడు జరిగే లావాదేవీలు నడిపే సీఐసీఎస్ మీద ఉన్నవారికి, జావా వైపు వెళ్తున్నవారికి ఇంత ఉపయోగపడుతుందని చెప్పలేను. కంపైలర్ మార్పు ఎదురుగా ఉన్నవారు మాత్రం చేరవచ్చు. డబ్బు కట్టేముందు నాలుగో వారం ఒక్కటే విడిగా ఇస్తారేమో అడగండి, లాగిన్ ఎన్నాళ్లుంటుందో రాతపూర్వకంగా తీసుకోండి. నేను ఆ రెండూ అడగలేదు.