ఊదా గౌను నీలమైంది: చవక మార్కర్లు కొనేవారికి హెచ్చరిక

చవక మార్కర్లు కొనవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. నా బల్ల మీద ఇప్పుడు కూడా ఒక పెట్టె ఉంది. చెప్పదలచుకున్నది ఇంతే: పెట్టె ఇంటికి వచ్చిన రోజునే, మీరు బొమ్మ వేసే కాగితం మీదనే, మీరు వాడే పెన్నులతో కలిపి పరీక్షించండి. ఈ మూడింటిలో ఒక్కటీ నేను చేయలేదు. అసలు పరీక్షించలేదా అంటే, పరీక్షించాను. చేతికందిన చిత్తు కాగితం మీద నాలుగు గీతలు గీసి, బాగానే ఉన్నాయనుకుని, మూడు వారాలు కూర్చుని అక్క కూతురి బొమ్మ వేశాను. ఆ నాలుగు గీతలతో ఏమీ తేలలేదని అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది.

ముందు పెట్టె సంగతి. 80 ఆల్కహాల్ మార్కర్లు, ఒక్కోదానికి రెండు మొనలు, ఒకవైపు వెడల్పుది, మరోవైపు సన్నది. వచ్చినప్పుడు చేతిలో వేరే పని ఉండి అలమారలో పెట్టేశాను. నెలన్నర తర్వాత తీస్తే రెండు మార్కర్లు ఎండిపోయి ఉన్నాయి. అమ్మినవారికి రాశాను. ముందు ఫొటోలు అడిగారు, తర్వాత వీడియో అడిగారు, చివరికి వాపసు గడువు ఎప్పుడో దాటిపోయిందని తేల్చారు. గడువు దాటిన మాట నిజమే. ఆ ముక్క మొదటి జవాబులోనే చెప్పి ఉంటే నాకు వీడియో తీసే శ్రమైనా తప్పేది.

మూతల సంగతి మరొకటి. మూత మీద కనిపించేది ప్లాస్టిక్ రంగు, సిరా రంగు కాదు. లేత గోధుమ రంగు మూత తీసి గీస్తే నారింజ తొక్కలాంటి రంగు పడింది. బూడిద రంగుల వరుసలో ఒకటి పచ్చగా తిరిగింది. వేర్వేరు నంబర్లు వేసిన మూడు జతల్లో జతకు ఒకే సిరా. ఎండిపోయిన రెండూ తీసేస్తే, 80 అని ఊరించిన రంగుల్లో నాకు మిగిలినవి 75. పైన పటారం, లోన లొటారం. అయినా ఇవి కంటికి కనిపించే లోపాలు. మూతను నమ్మకుండా ఒక పట్టిక గీసుకుని నంబరు పక్కన రంగు పూసుకుంటే వీటితో పెద్ద చిక్కు లేదు. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించిన రంగు ఆరాక తేలిపోతుంది కాబట్టి, పట్టికను మర్నాడు చూసి రంగులు ఎంచుకోండి.

అసలు దెబ్బ కంటిరెప్ప దగ్గర తగిలింది.

పాప కనుబొమలు, రెప్పల వెంట్రుకలు నల్ల లైనర్ పెన్నుతో గీశాను. నీటికి చెదరదని ఆ పెన్ను మీద రాసి ఉంది. తడి వేలితో రుద్ది చూశాను, నిజంగానే చెదరలేదు. గంటసేపు ఆరనిచ్చి చెంప మీద చర్మం రంగు మార్కరు ఆనించాను. ఎడమ కంటి కింది గీత కరిగి, ఏడ్చిన పిల్ల కాటుకలా చెంప మీదికి జారింది. కంగారులో అదే మార్కరుతో సరిచేయబోయాను. దాని మొన అప్పటికే నలుపు తాగి ఉంది. నుదుటి మీద పెట్టేసరికి అక్కడ బూడిద రంగు చార పడింది. ఆ చారను దాచడానికి, పాపకు లేని ముంగురులు రెండు గీయాల్సి వచ్చింది.

కారణం తెలిశాక కోపం నా మీదే వచ్చింది. ఈ మార్కర్లలో రంగు ఇథనాల్ లాంటి ఆల్కహాల్‌లో కరిగి ఉంటుంది. పొర మీద పొర వేస్తే గీతలు కనిపించకుండా కలిసిపోవడానికి కారణం, పై పొరలోని ఆల్కహాల్ కింది పొరను మళ్లీ కరిగించడమే. కింద ఉన్నది మార్కరు రంగా, పెన్ను గీతా అని అది చూడదు. నీటికి చెదరని సిరా ఆల్కహాల్‌కు చెదరవచ్చు. లేజర్ ప్రింటరులో తీసిన బొమ్మకు రంగులు వేసేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, అందులోని టోనరు, అంటే పొడి సిరా, కూడా కొన్నిసార్లు కరిగి మొనకు అంటుకోవచ్చు. మార్కరును విడిగా, పెన్నును విడిగా పరీక్షిస్తే ఇదేదీ బయటపడదు. మీ దగ్గరున్న ప్రతి పెన్నుతో ఒక గీత గీసి, రాత్రంతా ఆరనిచ్చి, వాటి మీదుగా లేత పసుపు మార్కరును అడ్డంగా లాగండి. పసుపు ఎందుకంటే, అందులో నలుపు దాగదు. నా అయిదు లైనర్లలో రెండింటి గీతలు పసుపులోకి తోకల్లా జారాయి. ఆ రెండింటిలో ఒకటి అయిదింటిలోకీ ఖరీదైనది!

కాగితమూ అంతే. చిత్తు కాగితం సిరాను పీల్చేస్తుంది, గీత అంచులు పాకుతాయి, రంగు వెనక వైపుకు దిగుతుంది. మార్కర్ల కోసమే పూత పూసిన కాగితం మీద అదే సిరా పైపైన నిలుస్తుంది, రంగు వేరుగా కనిపిస్తుంది. చిత్తు కాగితం మీద ముచ్చటగా ఉన్న గులాబీ, అసలు కాగితం మీద జ్వరం వచ్చిన పిల్ల బుగ్గలా పడింది. మంచి కాగితం దండగ అనిపిస్తే అదే పుస్తకంలోని చివరి షీటు చీల్చి వాడండి. కింద మరో కాగితం పెట్టడం మరవవద్దు, లేకపోతే ఆ పరీక్ష మీ బల్ల మీద కూడా జరుగుతుంది.

ఇక ఆరు నెలల తర్వాతి సంగతి. బొమ్మను ఫ్రేము కట్టించి అక్కకు ఇచ్చాను. కిటికీకి ఎదురుగోడకు తగిలించింది. బొమ్మలో పాప వేసుకున్నది ఊదా రంగు గౌను. ఆరు నెలలకు వెళ్లి చూస్తే గోడ మీద ఉన్నది నీలం గౌను పాప. నా కళ్లే మోసం చేస్తున్నాయేమోనని ఫ్రేము విప్పాను. చుట్టూ ఉన్న అట్ట అంచు కింద వెలుతురు సోకని సన్నని పట్టీ, చిటికెన వేలి గోరంత వెడల్పున, ఇంకా నిగనిగలాడే ఊదాగానే ఉంది. దాని పక్కనే వెలిసిన నీలం. రెండింటికీ మధ్య స్కేలు పెట్టి గీసినట్టు హద్దు. బుగ్గల మీది జ్వరం కూడా తగ్గిపోయింది, పిల్ల పాలిపోయింది.

ఊదాలో ఎరుపు, నీలం కలిసి ఉంటాయి. ఆ ఎరుపు వెలుతురుకు ముందుగా పోతే మిగిలేది నీలమే. ఇదేమీ కొత్త జబ్బు కాదు. వాన్ గో 1888లో తన పడకగది బొమ్మ వేసి, గోడలు లేత ఊదా రంగువని తమ్ముడికి ఉత్తరం రాశాడు. ఇవాళ చూసేవారికి ఆ గోడలు నీలంగా కనిపిస్తాయి, అందులోని ఎరుపు వెలిసిపోయింది. ఆయనవి నూనె రంగులు, నావి చవక పెట్టెలో వచ్చిన మార్కర్లు. గోడ మీద జరిగింది మాత్రం ఒకటే.

ఈ విషయంలో చవక మార్కర్లను మాత్రమే తిట్టడం అన్యాయం. ఖరీదైన ఆల్కహాల్ మార్కర్లలోనూ చాలావరకు ఉండేది డై, అంటే ద్రవంలో పూర్తిగా కరిగిపోయే రంగు. పిగ్మెంట్ కరగని రేణువులుగా ఉంటుంది కాబట్టి సాధారణంగా వెలుతురును ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. నన్ను పడగొట్టింది పెట్టె మీది మాటలు. పర్మనెంట్ అని ఉంటే నీటికి పోదని అర్థం. యాసిడ్ ఫ్రీ అని ఉంటే కాగితాన్ని ఆమ్లంతో పాడుచేయదని అర్థం. వెలుతురు ఊసు రెండింటిలోనూ లేదు. దాన్ని కొలవడానికి బ్లూ వూల్ కొలమానం వేరే ఉంది: 1 నుంచి 8 వరకు నీలి ఉన్ని పట్టీలు, 1వది అన్నిటికంటే ముందు వెలిసిపోతుంది, 8వది అన్నిటికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. చిత్రకళా సామగ్రికి ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పెట్టిన డి4303 అనే పరీక్షా పద్ధతి కూడా ఉంది. పెట్టె మీద ఇలాంటి మాట ఏదీ లేకపోతే రంగు వెలుతురుకు నిలవదనే లెక్క వేసుకోండి. ఫ్లోరోసెంట్ రంగులకైతే పరీక్ష కూడా దండగ, అన్నిటికంటే ముందు పోయేవి అవే.

మిగిలిన రంగులకు కిటికీయే పరీక్ష. ఒక పొడవాటి కాగితం ముక్క మీద రంగులన్నీ వరుసగా పూసి నంబర్లు వేయండి. ఆరాక సగానికి వంట అల్యూమినియం రేకు చుట్టండి. మామూలు కాగితం చుడితే వెలుతురు కొంత దూరుతుంది. ఎండ తగిలే కిటికీకి అంటించి, వారానికోసారి రేకు తీసి రెండు సగాలనూ పోల్చండి. ఆరు వారాలు ఉంచితే ఏ రంగు ఎంత బలహీనమో చాలావరకు తెలిసిపోతుంది. అన్నాళ్లు ఆగలేకపోతే, బొమ్మను స్కాన్ చేసి మంచి ప్రింటు తీయించి దాన్ని గోడకు పెట్టండి, అసలుది ఫైల్లో దాచండి. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే అద్దం వేస్తే వెలియడం నెమ్మదిస్తుంది, ఆగదు.

బొమ్మ పూర్తయ్యాక రక్షణ పొర కోసం కొట్టే స్ప్రేని కూడా ముందు పట్టిక మీదనే కొట్టి చూడండి, దానిలోని ద్రావకానికి సిరా పాకవచ్చు. రెండు మొనల మార్కర్లను పడుకోబెట్టే ఉంచండి, నిలబెడితే సిరా కిందికి దిగి పై మొన ఎండుతుంది. వాసన తలనొప్పి తెప్పించేలా ఉంటే ఏ పరీక్షా అక్కరలేదు, మూత పెట్టి తిరిగి పంపేయండి.

ఈసారి పెట్టె వచ్చిన రోజు సాయంత్రమే మూతలన్నీ తీశాను. పట్టికకు రెండు గంటలు పట్టింది. ఎండిపోయినది ఒకటి తగిలింది, గడువులోనే రాశాను కాబట్టి మారు మాట్లాడకుండా కొత్తది పంపారు. కిటికీ మీది పట్టీకి ఇది మూడో వారం. 14వ నంబరు గులాబీ అప్పుడే సగం పోయింది, 52వ నంబరు ఊదా నీలం వైపు తిరుగుతోంది. ఆ రెండు మార్కర్లకూ దారం చుట్టి పెట్టెలోంచి తీసేశాను. సామాన్ల జాబితాలు రాసుకోవడానికి పనికొస్తున్నాయి.