నాలుగేళ్ళు చదివి చెప్తున్నా: అమెరికా క్రిస్టియన్ యూనివర్సిటీలో జెన్ ఎడ్ కోర్సులు

ఇంటర్ అవగానే అమెరికాలో డిగ్రీకి వెళ్దామనుకునే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు నాకు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే. కంప్యూటర్ సైన్స్ కోసం వెళ్తుంటే బైబిలూ చరిత్రా బొమ్మలూ ఎందుకు చదవాలి, వాటికి మనమెందుకు ఫీజు కట్టాలి అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక, టైమ్ రెండూ ఉండట్లేదు కాబట్టి ఇక్కడ మొత్తం రాసేస్తున్నా. నేను 2015 ఆగస్టు నుంచి 2019 మే దాకా మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న క్రిస్టియన్ లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చదివాను. కింద ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి దాని పేరు రాయను. ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది, అంటే ఆ చదువులో ఏది పనికొచ్చిందో ఏది రాలేదో చెప్పడానికి సరిపడా కాలం గడిచింది.

ముందు లెక్క చెప్తాను. మా డిగ్రీకి మొత్తం 124 క్రెడిట్లు, అంటే ఒక్కో కోర్సుకి ఇన్ని అని ఇచ్చే చదువు యూనిట్లు. అందులో జనరల్ ఎడ్యుకేషన్, అందరూ జెన్ ఎడ్ అనేది, దాదాపు 50. అంటే మీరు కట్టే ఫీజులో ఐదింట రెండు వంతులు మీ మేజర్‌తో, అంటే మీరు ఎంచుకున్న ముఖ్య సబ్జెక్టుతో, సంబంధం లేని కోర్సులకే పోతుంది. బైబిల్, థియాలజీ నాలుగు కోర్సులు, రాయడం ఒకటి, మాట్లాడటం ఒకటి, సాహిత్యం, చరిత్ర, ఫిలాసఫీ, ల్యాబ్ ఉన్న సైన్స్, సోషల్ సైన్స్, కళలు, వ్యాయామం, చివరి ఏడాది సెమినార్. విదేశీ భాష కూడా ఉంది కానీ తెలుగు మాతృభాష అని రాసిస్తే మాకు మినహాయింపు ఇచ్చారు, మీరు చేరే చోట ఇది తప్పకుండా అడగండి, రెండు కోర్సులు తగ్గినట్టే. జెన్ ఎడ్ అనేది క్రిస్టియన్ కాలేజీలకే ఉండేది కాదు, స్టేట్ యూనివర్సిటీల్లోనూ ఉంటుంది, ఇక్కడ అదనంగా వచ్చేది బైబిల్ భాగం, చాపెల్ అనే క్యాంపస్ ఆరాధన. అది కూడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. టెక్సస్‌లోని బేలర్‌లో రెండు రెలిజియన్ కోర్సులు, రెండు సెమిస్టర్ల చాపెల్ అడుగుతారు. కాలిఫోర్నియాలోని బయోలాలో ఎన్నో ఏళ్ళ పాటు ప్రతి విద్యార్థీ, ఏ మేజర్ అయినా సరే, 30 యూనిట్ల బైబిల్ చదవాల్సి ఉండేది. రెండూ క్రిస్టియన్ యూనివర్సిటీలే, కానీ తేడా ఒక ఏడాది చదువంత. అందుకే క్రిస్టియన్ కాలేజీ అన్న ఒక్క మాట విని నిర్ణయం తీసుకోకండి.

నా సంగతి చెప్పాలంటే మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. సండే స్కూల్లో కంఠత వాక్యాలకు ప్రైజులు కొట్టినదాన్ని, కాబట్టి పాత నిబంధన కోర్సు సులువుగా వస్తుందనుకుని మొదటి సెమిస్టర్‌లోనే తీసుకున్నాను. మొదటి క్విజ్‌లోనే తెల్లమొహం వేశాను. 39 పుస్తకాల పేర్లు వరసగా ఇంగ్లీషులో రాయమన్నారు. నాకు యెషయా తెలుసు, ఐజయా తెలియదు. ప్రసంగి తెలుసు, విలాపవాక్యములు తెలుసు, వాటికి ఇంగ్లీషులో ఆ పొడుగాటి పేర్లు ఉన్నాయని ఎప్పుడూ ఆలోచించనే లేదు. ఆ రాత్రి నాన్నమ్మ ఇచ్చిన తెలుగు బైబిల్, ఇంగ్లీషు బైబిల్ పక్కపక్కన పెట్టుకుని విషయసూచిక మొత్తం ఒక కాగితం మీద రెండు వరసల్లో రాసుకున్నాను.

తర్వాత మూడు నెలలు మామూలు టెన్షన్ కాదు. ప్రొఫెసర్ గారు ప్రతి క్లాసు ప్రార్థనతో మొదలుపెట్టేవారు, ఆ వెంటనే ఆదికాండంలో మొదటి అధ్యాయం, రెండో అధ్యాయం సృష్టిని ఎందుకు వేర్వేరు వరసలో చెప్తున్నాయో మీరే చదివి చెప్పండి అనేవారు. చిన్నప్పటి నుంచి వాక్యం అంటే తల వంచుకుని వినేదే తప్ప ప్రశ్న వేసేది కాదు నాకు. రెండు వారాలు నిద్ర పట్టలేదు, విశ్వాసం పోతుందేమో అని నిజంగా భయపడ్డాను. ఒకరోజు ప్రసంగి గ్రంథం మొదలుపెట్టాం. అందులో మాటిమాటికీ వచ్చే హీబ్రూ మాట హెవెల్, దాని అసలు అర్థం ఊపిరి, ఆవిరి అని చెప్పి, మీ భాషలో దీన్ని ఏమన్నారు అని నన్ను అడిగారు. వ్యర్థము అన్నాను. ఆ మాటను బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుని, దానికి అర్థం అడిగి, ఆవిరి అన్న మాట వ్యర్థం అన్న మాటగా మారితే మనం ఆ పుస్తకాన్ని చదివే తీరు ఎలా మారుతుందో మిగతా పిల్లల చేత అరగంట మాట్లాడించారు. ఆ అరగంట నేను మర్చిపోలేను. అంతకుముందు దాకా నా తెలుగు బైబిల్ ఆ క్లాసులో నాకు అడ్డమనుకున్నాను. ఆ రోజు నుంచి ప్రతి క్లాసుకీ సంచిలో పెట్టుకెళ్ళాను.

మేం క్రైస్తవులం కాదు, మాకు ఇబ్బంది అవుతుందా అని అడిగేవాళ్ళకు: నా జూనియర్ ఒక అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చాడు, హిందూ కుటుంబం, అదే కోర్సులో నాకంటే మంచి గ్రేడ్ తెచ్చుకున్నాడు, ఎందుకంటే వాడు దాన్ని ఒక పాత సాహిత్యంలా శ్రద్ధగా చదివాడు. మా దగ్గర పేపర్లలో అడిగేది ఫలానా సిద్ధాంతాన్ని చర్చి ఎలా వివరిస్తుంది అనే తప్ప నువ్వు నమ్ముతావా అని కాదు, నమ్మకానికి మార్కులు వేయలేదు. కొన్ని కాలేజీలు మాత్రం చేరేటప్పుడే విశ్వాస ప్రకటన మీద సంతకం అడుగుతాయి, అప్లికేషన్‌కి డబ్బు కట్టకముందే అది చదవండి.

చాపెల్ సంగతి వేరు. వారానికి మూడు పొద్దుట్లు, కార్డు గీకి లోపలికి వెళ్ళాలి, సెమిస్టర్‌కి ఇన్ని హాజరులు అని లెక్క, తక్కువైతే తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఆపేసేవాళ్ళు. దానికి క్రెడిట్ కూడా లేదు. నేను విశ్వాసిని, ఆరాధన అంటే నాకు ఇష్టం, అయినా కార్డు గీకి ప్రార్థన చేయించడం ప్రార్థనకు మేలు చేయదని నాలుగేళ్ళు చూశాక గట్టిగా చెప్పగలను. వెనక వరసల్లో సగం మంది హోమ్‌వర్క్ చేసుకుంటుంటే ముందు నిలబడి పాడేవాళ్ళ మొహాలు చూసి నాకు బాధేసేది. ఆ హైదరాబాద్ అబ్బాయి క్లాసులతో కాదు, దీనితో నలిగాడు. అదే క్యాంపస్‌లో బుధవారం రాత్రి ఎవరూ లెక్కపెట్టని చిన్న ప్రార్థన కూడిక ఒకటి ఉండేది, దానికి అతను తనంతట తానే వచ్చేవాడు.

ఇక రాయడం నేర్పే కోర్సు. మనవాళ్ళు దీన్నే ఎలాగైనా తప్పించుకోవాలని చూస్తారు, కోర్సు చేయకుండానే క్రెడిట్ ఇచ్చే క్లెప్ పరీక్ష రాసో, ఇంకో కాలేజీ నుంచి క్రెడిట్ తెచ్చో. దయచేసి ఆ పని చేయకండి. ఇంటర్ దాకా మనం ఎస్సే అంటే గైడ్‌లో ఉన్నది బట్టీ పట్టి దించడమే. నా మొదటి పేపర్‌కి సీ మైనస్ వచ్చింది, మార్జిన్లో ఏడు చోట్ల ఒకటే ప్రశ్న, ఇది ఎవరి మాట అని. కొన్ని వాక్యాలు నేను చదివిన పుస్తకంలోవి, ఎక్కడివో చెప్పకుండా వాడేశాను. అది దొంగతనం కిందకి వస్తుందని, ఇంకోసారి జరిగితే కోర్సు ఫెయిల్ అని ఆ కోర్సు ప్రొఫెసర్ గారు కూర్చోబెట్టి చెప్పారు. గొంతు పెంచలేదు, కానీ నా చేతులు వణికాయి. ఆ సెమిస్టర్ అంతా వారానికి రెండుసార్లు రైటింగ్ సెంటర్‌కి వెళ్ళి ఒక్కో పేరా చదివి వినిపించి దిద్దించుకున్నాను. ఇప్పుడు నా ఉద్యోగంలో రాత్రి సర్వర్లు పడిపోతే పొద్దున్నే ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మాకు ఎలా తెలుసు అని రిపోర్ట్ రాయాలి. మా టీమ్‌లో ఆ రిపోర్టులు నాకే ఇస్తారు. నాలుగేళ్ళలో నా జీతానికి నేరుగా పనికొచ్చిన కోర్సుల్లో డేటా స్ట్రక్చర్స్ పక్కనే దీన్ని పెడతాను.

ఫిలాసఫీ, సోషల్ సైన్స్ పర్వాలేదు. స్పీచ్ కోర్సు బెరుకు పోగొట్టింది. వ్యాయామం రెండు క్రెడిట్లలో ఈత నేర్చుకున్నాను, సంతోషం.

అసలు ఫిర్యాదు ఇది. కళల కోర్సు ఒకటి తప్పనిసరి. రెండో ఏడాది వేసవిలో డబ్బు ఆదా అవుతుందని ఒక కమ్యూనిటీ కాలేజీలో ఆన్‌లైన్‌లో ఆర్ట్ హిస్టరీ చేశాను, అడ్వైజర్‌ని అడిగితే పర్వాలేదు, చెల్లుతుంది అని నోటిమాటగా చెప్పారు. క్రెడిట్లు వచ్చాయి, నేను మర్చిపోయాను. నాలుగో ఏడాది జనవరిలో డిగ్రీ ఆడిట్, అంటే ఏ నిబంధన పూర్తయిందో ఏది మిగిలిందో చూపించే పట్టిక, తెరిస్తే కళల గడి ఎర్రగా ఉంది. క్రెడిట్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్ ఆఫీస్‌కి పరిగెత్తితే, ఆ గడిలో చేత్తో చేసే కోర్సే ఉండాలని కేటలాగ్ (యూనివర్సిటీ కోర్సుల, నిబంధనల పుస్తకం) ఫుట్‌నోట్‌లో ఉందట, నేను చేసింది ఖాళీ ఎలెక్టివ్ కింద, అంటే ఏ తప్పనిసరి గడికీ చెల్లని కోర్సుగా, పడిందట. అడ్వైజర్ నాకలా చెప్పినట్టు గుర్తులేదన్నారు. అప్పటికే ఆ సెమిస్టర్‌లో 16 క్రెడిట్లు ఉన్నాయి, ఇంకో మూడు కలిపితే 19, పద్దెనిమిది దాటిన క్రెడిట్‌కి విడిగా ఫీజు, దాదాపు ఏడు వందల డాలర్లు. నాన్నకు ఫోన్ చేసి ఆ డబ్బు అడగడానికి రెండు రోజులు పట్టింది నాకు.

అలా నా చివరి సెమిస్టర్‌లో డ్రాయింగ్ క్లాసులో పడ్డాను. మొదటి రోజు నలిపేసిన ఒక గోధుమరంగు కాగితపు సంచిని బల్ల మీద పెట్టి, మూడు గంటలు బొగ్గుతో దాన్నే వేయమన్నారు. మొదటి గంట చిరాకు. రెండో గంటలో, నేను నల్లగా వేసిన మడతలు అసలు నల్లగా లేవని, ఒక్కో మడత లోపల పక్క మడత నుంచి వచ్చిన వెలుతురు సన్నగా ఉందని కనిపించింది. గోళ్ళ నిండా బొగ్గు పెట్టుకుని తుడిచి మళ్ళీ వేశాను. ఆ బొమ్మ ఇప్పటికీ మా హాల్లో గోడకుంది. క్లాసు నచ్చింది కదా అని ఆ ఏడు వందల డాలర్లు న్యాయమని మాత్రం ఒప్పుకోను. ఒక ఆఫీస్ నోటిమాట ఇంకో ఆఫీస్‌లో చెల్లకపోతే నష్టం విద్యార్థికి రాకూడదు.

దీన్నుంచి మీరు తప్పించుకునే దారి ఉంది. మీరు చేరిన ఏడాది కేటలాగే సాధారణంగా మీకు చివరిదాకా వర్తిస్తుంది, దాని పీడీఎఫ్ చేరిన రోజే దాచుకోండి, ఫుట్‌నోట్లతో సహా చదవండి. బయట కోర్సు చేసేముందు ఇది ఏ గడిలో పడుతుందో ఈమెయిల్‌లో రాయించుకోండి, అదీ రిజిస్ట్రార్ ఆఫీస్ నుంచి. ప్రతి సెమిస్టర్ చివర ఆడిట్ తెరిచి చూడండి. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు ఉండాలి, అందులో ఆన్‌లైన్‌ది ఒక్క కోర్సే, మూడు క్రెడిట్లకు మించకుండా, లెక్కలోకి వస్తుంది, కాబట్టి సులువైన ఆన్‌లైన్ జెన్ ఎడ్‌లతో సెమిస్టర్ నింపేద్దామంటే కుదరదు. మన ఇంటర్ మార్కులకు మా దగ్గర ఒక్క క్రెడిట్ కూడా ఇవ్వలేదు.

చరిత్ర మీద ఇంకో అసంతృప్తి. క్రైస్తవ చరిత్ర కోర్సులో రోమ్, జర్మనీ, ఇంగ్లండ్, అమెరికా వారాల తరబడి నడిచాయి, ఇండియాకి దక్కింది ఒక పేరా. కేరళలో ఎన్ని వందల ఏళ్ళ నుంచి క్రైస్తవులున్నారో ఆ క్లాసులో ఎవరికీ తెలియదు. కోపంతో ప్రొఫెసర్ దగ్గరికి వెళ్తే, అయితే నీ పేపర్ దాని మీదే రాయి అన్నారు. రాశాను. పెన్సిల్వేనియా లూథరన్లు పంపగా 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హయ్యర్ గారితో మొదలుపెట్టి, 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ దగ్గర ఆగిపోయాను. ఆమె మొదలుపెట్టిన ఆడవాళ్ళ ఆసుపత్రి 1898లో తెరిచారు, గుంటూరులో అందరూ కుగ్లర్ ఆసుపత్రి అనేది అదే, ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. లైబ్రరీవాళ్ళు వేరే ఊళ్ళ నుంచి తెప్పించిచ్చిన పాత మిషన్ నివేదికల్లో మా వీధుల పేర్లు ఇంగ్లీషులో చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మా నాన్నమ్మ పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. ఈ పేపర్ గురించి ఫోన్లో చెప్తే ఆవిడ, వాళ్ళ అమ్మ ఆ నర్సమ్మల గురించి చెప్పిన సంగతులు గంటసేపు చెప్పింది, అవన్నీ రాసుకున్నాను.

అందుకే నా అభిప్రాయం ఇది. జెన్ ఎడ్‌ని గీతలు కొట్టేసే లిస్టులా చదివిన కోర్సుల్లో నాకు ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు, నా దగ్గరున్న ప్రశ్నతో వెళ్ళినవి ఒక్కటీ మర్చిపోలేదు. బైబిల్ కోర్సులకు, రైటింగ్‌కి ఐదుకి ఐదు ఇస్తాను. చాపెల్ నిబంధనకు రెండు. క్రెడిట్ల లెక్కలు నడిపిన తీరుకి ఒకటి.

మా పిన్ని కూతురు వచ్చే ఆగస్టులో ఇలాంటి యూనివర్సిటీకే వెళ్తోంది. పోయిన ఆదివారం కేటలాగ్ ముందేసుకుని ఇద్దరం కూర్చుని ప్లాన్ వేశాం. మొదటి సెమిస్టర్‌లో రైటింగ్, లెక్కలు, ప్రోగ్రామింగ్ మాత్రమే, పాత నిబంధన రెండో సెమిస్టర్‌కి, ఏడాదికి రెండు మూడు జెన్ ఎడ్‌లు చొప్పున చివరిదాకా సర్దాం. డ్రాయింగ్ రెండో ఏడాదిలో పెట్టించాను. నాన్నమ్మ తెలుగు బైబిల్ దాని సూట్‌కేస్‌లో పెట్టాను, నేను రెండు వరసల్లో పేర్లు రాసుకున్న ఆ కాగితం ఇంకా అందులోనే ఉంది.