హెలికాప్టర్ వచ్చింది, సారె ఎక్కడ?

కొత్త యుద్ధ హెలికాప్టర్లు ఆర్మీకి అందాయని వార్త వస్తే ఎన్ని వచ్చాయి, ఎంత పెట్టారు, ఏ క్షిపణి ఉంది అని అందరూ చూస్తారు. నేను వెతికేది ఒక్కటే, వాటి వెంట ఏమొచ్చాయని. ట్రాలీలు, జాకులు, టెస్ట్ సెట్లు, స్పేర్లు, మాన్యువళ్లు. పెళ్లికూతురు గడప దాటి లోపలికొచ్చాక సారె ఇంకా దారిలోనే ఉందంటే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో, కొత్త హెలికాప్టర్ దిగిన యూనిట్‌లో మొదటి ఏడాది అలాగే ఉంటుంది. రాసేది రుద్ర గురించే, అంటే మన ధ్రువ్ హెలికాప్టర్‌కి ఆయుధాలు తగిలించి చేసినదాని గురించే అయినా నా కోపమంతా ఆ సారె మీదే.

నేను ఈఎంఈ (ఆర్మీ యంత్రాల మరమ్మతు చూసే విభాగం) టెక్నీషియన్‌ని. ఆర్మీ ఏవియేషన్‌లో చీతా అనే చిన్న హెలికాప్టర్ల మీద పని మొదలుపెట్టి, లాన్సర్ చూసి, సర్వీసు చివరి భాగమంతా రుద్ర మీద గడిపి రిటైరయ్యాను. యూనిట్ పేరు, ఉన్న చోటు రాయను. పడమటి సరిహద్దు, ఇసుక, అంతవరకే. ఇంజిన్ శక్తి, వేగం, ఎగిరే ఎత్తు లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను.

ముందు నచ్చిందాని గురించి. లాన్సర్ అంటే చీతాకే రెండు పక్కలా పాడ్లు తగిలించిన మెషీన్. ఒక్కో పాడ్‌లో ఒక 12.7 మి.మీ. గన్, మూడు 70 మి.మీ. రాకెట్లు. ఆ గన్ తిరగదు, గురి పెట్టాలంటే పైలట్ మొత్తం హెలికాప్టర్నే అటు తిప్పాలి. రుద్రకి ముక్కు కింద టరెట్, అంటే గన్‌ని తిప్పే పీఠం ఉంది, అందులో 20 మి.మీ. ఫ్రెంచ్ గన్. హెల్మెట్‌తో కలిపితే పైలట్ తల ఎటు తిరిగితే గన్ అటు తిరుగుతుంది. మొదటిసారి హ్యాంగర్లో పవర్ ఇచ్చి చూసిన రోజు బాగా గుర్తుంది. సీట్లో ఉన్న మేజర్ సాబ్ మెల్లగా ఎడమకి చూస్తే బారెల్ ఎడమకి వచ్చింది. కిందికి చూస్తే కిందికి వంగింది. గన్‌లో ఒక్క రౌండ్ లేదని తెలిసి కూడా మా కుర్రాళ్లందరూ బారెల్‌కి ఎదురు లేకుండా పక్కకి జరిగారు. అన్నేళ్లు పాడ్లు తుడిచిన చేతులకి అది ఎంత పెద్ద మార్పో మాటల్లో చెప్పలేను.

ఇక అసలు విషయం. తొలి రుద్ర 2013 ఫిబ్రవరిలో బెంగళూరు ఏరో ఇండియాలో ఆర్మీ చేతికొచ్చింది. మా దగ్గరికి ఆ తరవాత కొంతకాలానికి వచ్చాయి. హెలికాప్టర్లు ఎగిరొచ్చాయి. గ్రౌండ్ సామాను మాత్రం వేరే వేరే సప్లయర్ల దగ్గర్నుంచి లారీల్లో, ఎవరి వీలు చూసుకుని వాళ్లు పంపినట్టు వచ్చింది. అందులో ఒకటి హైడ్రాలిక్ ట్రాలీ.

ఆ ట్రాలీ ఎందుకో చెప్తేగానీ నా బాధ అర్థం కాదు. రుద్రలో పైలట్ కర్ర కదిపితే రోటర్ బ్లేడ్ల కోణాన్ని మార్చేది హైడ్రాలిక్ ప్రెషరే. ఆ ప్రెషర్ ఇచ్చే పంపులు మెయిన్ గేర్‌బాక్స్ మీద నడుస్తాయి. అంటే రోటర్ తిరిగితేనే ప్రెషర్. కంట్రోల్స్‌లో ఏదైనా విప్పి బిగించాక అన్నీ సరిగ్గా కదులుతున్నాయో లేదో రోటర్ ఆగి ఉండగా చూడాలి. బ్లేడ్లు తిరుగుతుంటే పైకెక్కి కొలతలు తీసుకోలేం కదా. అందుకని బయట నుంచి ట్రాలీతో ప్రెషర్ ఇస్తాం. చూడ్డానికి చక్రాల మీద ఒక పెద్ద పెట్టె, రెండు గొట్టాలు, కొన్ని మీటర్లు.

మా ట్రాలీ వచ్చిన రోజు ఒక గొట్టం చివర మూత లేదు. ఎక్కడో దారిలో ఊడిపోయింది, లేదా అసలు పెట్టనే లేదు. అన్ని వందల కిలోమీటర్లు నోరు తెరుచుకుని దుమ్ములో వచ్చింది. దాన్ని అలాగే హెలికాప్టర్‌కి తగిలించడం మహాపాపం. ఆ ప్రెషర్‌ని అదుపు చేసే సర్వో వాల్వుల లోపల సందులు కొద్ది మైక్రాన్లే ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కంటికి కనపడని రేణువు కూడా అక్కడ ఇరుక్కుంటుంది. ట్రాలీ నుంచి ఆయిల్ శాంపిల్ గాజు సీసాలోకి తీసి వెలుగుకి ఎదురుగా పట్టుకున్నాం. ఎర్రటి ఆయిల్‌లో నల్లటి నలుసులు మెల్లగా కిందికి దిగుతూ కనిపించాయి. ప్యాచ్ టెస్ట్ చేస్తే తెల్లటి ఫిల్టర్ కాగితం బూడిద రంగులోకి మారింది. ఆయిల్ శుభ్రతకి ఎన్‌ఏఎస్ 1638 అని తరగతులున్నాయి. నంబరు పెరిగేకొద్దీ మురికి ఎక్కువ. మాది ఒప్పుకునే తరగతికి దరిదాపుల్లో కూడా లేదు.

సరిగ్గా ఆ సమయంలోనే ఒక మెషీన్‌కి తనిఖీలో కంట్రోల్ రాడ్ మార్చాం. ఇసుకలో తిరిగేదానికి అలాంటి అరుగుదల మామూలే, స్పేర్ కూడా చేతిలోనే ఉంది. పని పూర్తయింది, మిగిలింది ట్రాలీ పెట్టి చూడ్డమే. ఆ ఒక్కదాని కోసం పనులన్నీ నమోదు చేసే రికార్డు ఫారం 700లో ఎంట్రీ మూయలేక కొత్త హెలికాప్టర్ హ్యాంగర్లో నిలబడిపోయింది. అదే వారం ఫైరింగ్ రేంజ్‌లో స్లాట్ ఉంది. రేంజ్ తారీఖు మనం అడిగినప్పుడల్లా దొరికేది కాదు. శ్రీకాకుళం కుర్రాడొకడు నా టీమ్‌లో ఉండేవాడు. "అన్నా, మెషీన్‌లో లోపమేం లేదు కదా. ఎందుకు ఎగరట్లేదని సీఓ సాబ్ అడిగితే ఏం చెప్పాలి?" అన్నాడు. ఉన్నదున్నట్టే చెప్పు అన్నాను. చెప్పాడు. యూనిట్ అధిపతి సీఓ సాబ్ స్వయంగా వచ్చి ఆ సీసా చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు.

ట్రాలీ ఆయిల్ మార్చాం. ట్యాంకు కడిగాం. ఫిల్టర్లు మార్చాలంటే ఆ సైజు ఫిల్టర్లు సామానుతో పంపలేదు. సప్లయర్‌కి ఉత్తరం రాస్తే, సామాను తమ గేటు దాటిన రోజు నుంచే వారంటీ మొదలైందని, మూత సంగతి రవాణా వాళ్లని అడగమని జవాబొచ్చింది. చివరికి ఇంకో యూనిట్ వాళ్లు తమ ట్రాలీని రాత్రికి రాత్రి ట్రక్కులో పంపారు. తెల్లారేసరికి వచ్చింది. శాంపిల్ తీశాం, శుభ్రంగా ఉంది. గొట్టాలు తగిలించి, ప్రెషర్ పెట్టి, కంట్రోల్స్ ఆ చివర నుంచి ఈ చివర దాకా కదిపి చూడ్డానికి గంట కూడా పట్టలేదు. కానీ అప్పటికే రేంజ్ స్లాట్ పోయింది. ఆ హెలికాప్టర్ ఆ దఫా కాల్పుల్లో పాల్గొనలేదు. ఒక గొట్టానికి పెట్టే మూతకి ఉన్న విలువ ఇది.

ఇంత చెప్పాక మెషీన్ని తప్పుపడుతున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ రోజు రుద్రలో ఏ లోపమూ లేదు. అయితే గన్ గురించి పైన రాసిన మెచ్చుకోలుని కొంచెం తగ్గించుకోవాలి. తల తిప్పితే తిరిగే గన్ బండ్ల మీదా, కాలిబంట్ల మీదా గొప్పగా పనికొస్తుంది. ట్యాంకుకి మాత్రం క్షిపణే కావాలి. రుద్ర దళంలో చేరి ఏళ్లు గడిచాక, 2021, 2022ల్లో కూడా ట్యాంకుల్ని కొట్టే హెలీనా క్షిపణికి పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి. నా లెక్కలో అదీ సారెలో భాగమే, అదీ ఆలస్యమే. ఇంకొకటి, మన దేశంలో తయారైంది కాబట్టి స్పేర్లకి దిగుల్లేదని మొదట్లో అందరితో అనేవాణ్ణి. అందులో కొంత నిజముంది. ఇంజనీర్లు పిలిస్తే వస్తారు, మన భాషలో మాట్లాడతారు. కానీ టరెట్, గన్ ఫ్రాన్స్‌వి. దేశీయ మెషీన్‌లో కూడా విదేశీ పెట్టెలుంటాయి, వాటికి మాత్రం ఎదురుచూపు తప్పదు.

2025 జనవరిలో పోర్‌బందర్‌లో కోస్ట్ గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరవాత రుద్రతో సహా ఆ కుటుంబమంతా నెలల తరబడి నేల మీదే ఉంది. అప్పటికి నేను సర్వీసులో లేను కాబట్టి దాని మీద వ్యాఖ్యానం చెయ్యను.

అమెరికా యుద్ధ హెలికాప్టర్లు అపాచీల సంగతి చూడండి. ఆర్మీకి 6 అపాచీల ఒప్పందం 2020 ఫిబ్రవరిలో కుదిరింది. వాటిని నడపాల్సిన స్క్వాడ్రన్ 2024 మార్చిలో జోధ్‌పూర్‌లో ఏర్పడింది. మొదటి మూడు ఢిల్లీ దగ్గరి హిండన్ ఎయిర్‌బేస్‌లో దిగేసరికి 2025 జులై 22. మిగతా మూడు డిసెంబరులో వచ్చాయి. హెలికాప్టర్ లేని స్క్వాడ్రన్ అని చాలామంది తిట్టారు. ఏడాదికి పైగా ఎదురుచూడాల్సి రావడం అన్యాయమే. కానీ మనుషులు, హ్యాంగరు, పనిముట్లు ముందు, మెషీన్ తరవాత అన్న వరస మాత్రం నాకు నచ్చింది. మాకు జరిగింది దానికి తలకిందులు. (అపాచీ బాడీలు మన ఆదిభట్లలో తయారవుతాయి, అమెరికా వెళ్లి పూర్తి మెషీన్లవుతాయి. అక్కడ పనిచేసే కుర్రాళ్లని తలచుకుంటే గర్వంగా ఉంటుంది.)

ఇక రాబోయేవి మన దేశంలోనే తయారయ్యే ప్రచండ్ యుద్ధ హెలికాప్టర్లు. 2025 మార్చి 28న 156 హెలికాప్టర్లకి ఒప్పందాలయ్యాయి, విలువ పన్నులు కాక 62,700 కోట్ల రూపాయలు. అందులో 90 ఆర్మీకి. మూడో ఏడాది నుంచి మొదలై ఐదేళ్ల పాటు అందుతాయని చెప్పారు. ఆ ప్రకటనలో శిక్షణ, అనుబంధ సామగ్రి కూడా కలిపే అని ఒక ముక్క ఉంది. ఎవరూ పట్టించుకోని ఆ ముక్కని నేను రెండుసార్లు చదువుకున్నాను. ఆ సామగ్రి మెషీన్ కంటే ముందు యూనిట్‌కి చేరాలని మనసారా కోరుకుంటున్నాను.

రుద్ర తీసుకోవచ్చా అని అడిగితే, నా వరకు నూటికి నూరుపాళ్లు తీసుకోవచ్చు. కాకపోతే నేను చూసింది ఎడారి. కొండల్లో, మంచులో పనిచేసినవాళ్ల అనుభవం వేరే ఉండొచ్చు. నేను కింద నిలబడేవాణ్ణి, పైన కూర్చునేవాళ్లు దీన్నే ఇంకోలా చెప్తారు. మాది కొత్త యూనిట్, స్టోర్ ఇంకా సర్దుకోని దశ. ఏళ్లుగా నిలదొక్కుకున్న యూనిట్‌కి వచ్చుంటే ఆ ట్రాలీ గొడవ ఒక్క పూటలో తేలిపోయేదేమో.

ప్రచండ్ యూనిట్లకి పోస్టింగ్ వచ్చే తమ్ముళ్లకి ఒక మాట. వచ్చినవాటిని రెండు పక్షాలూ కలిసి చూసి సంతకాలు చేసే జాయింట్ రిసీట్ ఇన్‌స్పెక్షన్ రోజు అందరూ మెషీన్ చుట్టూ మూగుతారు. మీలో ఇద్దరు మాత్రం స్టోర్ వైపు వెళ్లండి. ట్రాలీ గొట్టాల మూతలు చూడండి, ఫిల్టర్లు విడిగా పంపారో లేదో లెక్కపెట్టండి, టార్క్ రెంచ్‌ల మీద కాలిబ్రేషన్ తారీఖు చదవండి, ఆయిల్ శాంపిల్ అక్కడికక్కడే తీయండి. తేడా ఉంటే ఆ కాగితంలోనే రాయించండి. సంతకాలైపోయాక రాసే ఉత్తరాలకి వచ్చే జవాబు ఎలా ఉంటుందో పైన చెప్పాను.