స్లాష్ ఎఫ్ చాలా, స్లాష్ ఆర్ కావాలా?

తిరుచానూరు పెళ్లి ఫొటోలు కాపీ అవుతుండగా కరెంటు పోయింది. తిరిగొచ్చాక తిరుపతిలోని మా తమ్ముడి స్టూడియోలో జీ డ్రైవ్ తెరుచుకోలేదు. "అన్నా, చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కొట్టేస్తా" అన్నాడు. ఆగరా అన్నాను. చెక్‌డిస్క్ అంటే విండోస్‌లో డిస్కు తప్పులు వెతికి సరిచేసే కమాండ్; స్లాష్ ఎఫ్ (/f), స్లాష్ ఆర్ (/r) దాని చివర చేర్చే స్విచ్చులు, అంటే ఏ పని చేయాలో చెప్పే గుర్తులు.

స్లాష్ ఎఫ్ ఫైళ్ల చిట్టా సరిచేస్తుంది: ఏ ఫైల్ ఏ క్లస్టర్లలో (డిస్కులోని చిన్న గదుల్లో) ఉంది, ఏవి ఖాళీ అని. కరెంటు పోతే ఎక్కువగా చెడేది ఈ చిట్టానే. చాలాసార్లు నిమిషాల్లో అయిపోతుంది.

స్లాష్ ఆర్ ఆ పని చేయడమే కాక, డిస్కు మొత్తం సెక్టారు సెక్టారుగా (సెక్టారు అంటే డిస్కులో అతి చిన్న ముక్క) చదివి పాడైన చోట్లు వెతుకుతుంది. సెకనుకు 100 ఎంబీ చదివినా 1 టీబీకి దాదాపు 3 గంటలు. టకటకమని శబ్దం చేస్తూ చెడిపోతున్న డిస్కును అంతసేపు తిప్పితే మిగిలిందీ పోవచ్చు. అలాంటప్పుడు ముందు డేటా బయటికి లాగాలి, రిపేరు తర్వాత.

మా డిస్కులో శబ్దం లేదు. ముందు ఏ స్విచ్చూ లేకుండా చెక్‌డిస్క్ నడిపాం. అలాగైతే అది చూసి చెబుతుందే గానీ ఏమీ మార్చదు. తప్పులు చూపించింది. అప్పుడు స్లాష్ ఎఫ్. డ్రైవ్ ఫ్యాట్32 (ఫైళ్ల చిట్టా రాసే ఒక పాత పద్ధతి) కాబట్టి, తెగిపోయిన ముక్కలు ఫౌండ్.000 ఫోల్డర్లో పేరు చివర సీహెచ్‌కే (.chk) ఉండే ఫైళ్లుగా చేరాయి. ఒకదానికి చివర జేపీజీ అని మార్చి తెరిస్తే, తలంబ్రాలు పోసుకుంటున్న పెళ్లికూతురు! తమ్ముడి ముఖం అప్పుడు వెలిగింది.

కాపీ ప్రతిసారీ ఒకే ఫైల్ దగ్గర ఆగిపోతుంటే మాత్రం స్లాష్ ఆర్ వాడండి. బ్యాకప్ తీసుకుని, యూపీఎస్ పెట్టుకుని, రాత్రికి వదిలేయండి.