ముంజేతి పట్టీ ఉన్న భుజం కట్టు: 14 నెలల వాడకం తర్వాత

మెడలో వేలాడే సంచి స్లింగ్‌తో విసిగిపోయి ఇది కొన్నాం. మా నాన్నగారికి పక్షవాతం ఎడమవైపు. చెయ్యి పూర్తిగా మెత్తబడి వేలాడుతుంది, ఆ బరువుకి భుజం కీలు కిందికి జారి అక్కడ వేలు పట్టేంత సందు. ఇలాంటి చేతికి ఎలా పనిచేసిందో మాత్రమే రాస్తున్నాను. చెయ్యి అప్పటికే బిగుసుకుపోయిన వాళ్ళ లెక్క వేరు.

దీన్లో నాకు నచ్చింది ఒక్కటే, ముంజేతి పట్టీ. సంచి స్లింగ్ మోచేతిని మడిచి, చేతిని పొట్టకి అదిమి, బరువంతా మెడ మీద వేస్తుంది. రోజంతా అలా ఉంచితే దండచెయ్యి లోపలివైపు తిరిగి అక్కడే గట్టిపడుతుంది. ఆ తర్వాత చొక్కా తొడగాలన్నా, చంక కడగాలన్నా ఆ చేతిని రెండంగుళాలు బయటికి తెచ్చేసరికి కేకలే. ఈ కట్టులో భుజం మీద టోపీలా కూర్చునే ముక్క ఉంటుంది. దాన్నుంచి ఒక బెల్టు వీపు మీదుగా అవతలి చంక కిందనుంచి ఛాతీ మీదికి వస్తుంది. మోచేతి కింద ముంజేతికి చుట్టే పట్టీ వేరే. ఆ పట్టీని ముందొకటి, వెనకొకటి బెల్టులతో భుజం ముక్కకి లాగి అతికిస్తాం. చెయ్యి తిన్నగానే కిందికి ఉంటుంది, బరువు మాత్రం కీలు మీద పడదు. నడుస్తుంటే చెయ్యి కొంచెం ఊగుతుంది కూడా.

కట్టడం నిలబెట్టి చేసే పని కాదు. కుర్చీలో కూర్చోబెట్టి, మోచేతి కింద బల్లో దిండో పెట్టి, ముందు చేతి బరువు దానిమీదికి తీసుకోవాలి. ఒక చెయ్యి మోచేతి కింద పెట్టి దండచేతిని మెల్లగా పైకి ఎత్తి పట్టుకుంటే, రెండోవాళ్ళు వెనక బెల్టు ముందుగా, ముందు బెల్టు తర్వాత అతికించాలి. ముందుది ఎక్కువ లాగితే భుజం గుండ్రంగా ముందుకి వంగిపోతుంది. లేచి నిలబడ్డాక భుజం చివర ఎముక అంచు కింద చూపుడువేలు పెట్టి చూడండి. సందు తగ్గకపోతే ఆ కట్టు అలంకారమే. పావుగంటకోసారి వేళ్ళ రంగు, వాపు చూడాలి, ముంజేతి పట్టీలో రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి. స్పర్శ తగ్గిన చెయ్యి కాబట్టి బిగిసిందని ఆయన చెప్పరు.

ఇక మే నెల సంగతి. లోపల రబ్బరు స్పాంజిలాంటి గుడ్డ, మన ఎండలకి తడిసి ముద్దయ్యేది. పట్టీ కట్టిన అరగంటకే మణికట్టు వైపు జారిపోవడం మొదలైంది. పైనుంచి చూస్తే కట్టు కట్టినట్టే ఉంటుంది. భుజం మళ్ళీ కిందికి వేలాడుతోంది, మణికట్టు దగ్గర పట్టీ నొక్కి వేళ్ళు ఉబ్బుతున్నాయి. రాత్రి నొప్పి తిరగబెట్టింది. చేతివాపూ భుజంనొప్పీ కలిసి వస్తే అది పక్షవాతంలో వేరే జబ్బుకి గుర్తు కావచ్చు కాబట్టి ముందు డాక్టరుకి చూపించాం. అది కాదని తేలాక గాని కట్టు వైపు చూడలేదు. వెల్‌క్రో కొక్కేల నిండా తువ్వాలు నూగు, వెంట్రుకలు. సాగే బెల్టు వేడినీళ్ళ ఉతుకులకి సాగి, కొత్తప్పటికన్నా దాదాపు మూడు వేళ్ళు పొడుగైంది.

తర్వాత చేసినవి ఇవి. కొక్కేలని గుండుసూదితో, పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేశాం. చివర పూర్తిగా అరిగిన ముక్కని టైలరు విప్పి కొత్త వెల్‌క్రో కుట్టాడు. సరైన బిగువు దగ్గర బెల్టు మీద ఎర్రదారంతో ఒక కుట్టు వేయించాం. అతికించే చోటు ఆ కుట్టు దాటిపోతోందంటే బెల్టు సాగిందనే. ఇప్పుడు ఉతికేముందు వెల్‌క్రోలన్నీ మూసి, చన్నీళ్ళలో చేత్తో పిండకుండా ఉతికి నీడలో ఆరేస్తాం. గుడ్డని మెత్తబరిచే ద్రవాలు వాడం, వెల్‌క్రోకి అవి పడవు. లోపల పొడుగు చేతుల నూలు బనియను తప్పనిసరి. పౌడరు చెమటతో కలిసి చంకలో ముద్దకడుతుంది, వద్దు.

మొదటి రెండు నెలల్లో నొప్పి తగ్గిందని ఎవరడిగినా ఈ కట్టునే పొగిడేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. అదే రోజుల్లో మరికొన్ని కూడా మారాయి. చొక్కాకి చెడ్డచెయ్యి ముందు, విప్పేటప్పుడు చెడ్డచెయ్యి చివర. ఆయన్ని లేపేటప్పుడు చంకల కింద చేతులేసి ఎత్తడం మానేశాం, నడుము దగ్గర పట్టుకుంటున్నాం. పడుకున్నప్పుడు మంచివైపు తిప్పితే చెడ్డచేతి కింద ఛాతీ ముందు దిండు. చేతిని బయటివైపు తిప్పి దిండు మీద ఆనించి రోజూ అరగంట ఉంచమని ఫిజియో చెప్పారు, అదీ చేస్తున్నాం. తాడూ కప్పీ కట్టి తలపైకి లాగించే వ్యాయామం ఆపించారు. రెక్క ఎముక కదలకుండా చేతిని భుజంకన్నా పైకి లాగితే లోపలి కండరాలు నలుగుతాయి. వీటిలో దేనికెంత వాటా అంటే ఏం చెప్తాం?

కట్టుకే దక్కే లాభం ఒకటి మాత్రం ఉంది, తయారుచేసినవాళ్ళు కూడా అనుకుని ఉండరు. భుజం మీద ఆ నల్ల బెల్టు కనపడితే జనం ఆ చెయ్యి ముట్టుకోరు. ఆటోలోంచి దించేటప్పుడు "రండి మాష్టారూ" అంటూ చెయ్యి పట్టి లాగేవాళ్ళు, పెళ్ళిలో పలకరిస్తూ జబ్బ కుదిపేవాళ్ళు ఆగిపోయారు. బీపీ చూసేవాళ్ళు కూడా అడక్కుండానే రెండో చెయ్యి అందుకుంటున్నారు.

కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు మేం తీసేస్తాం, చెయ్యి దిండు మీదికి. నడకకీ, బయటికి వెళ్ళడానికీ మాత్రమే, రోజుకి రెండు మూడు గంటలు. జారిన కీలుని ఇది నయం చెయ్యదు, విప్పగానే సందు ఉన్నచోటే ఉంటుంది. ఒంటరిగా ఉండేవాళ్ళు ఒంటిచేత్తో దీన్ని కట్టుకోలేరు, మా ఇంట్లోనే ఇద్దరం కావాలి. కండరం బిగువు తిరిగొస్తుంటే ఫిజియోకి చూపించకుండా కొనొద్దు. నాన్నగారి వేళ్ళు ఈమధ్య మడుచుకుంటున్నాయి, మాకే ఇంకెన్నాళ్ళు అవసరమో వచ్చే నెల చూసి చెప్తామన్నారు. అందుకే ఎర్రదారం ఉన్న పాతదాన్నే నడిపిస్తున్నాం, రెండోది కొనలేదు.