పిరమిడ్ సాలిటైర్ యాప్‌కి డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చూడండి

జత ముక్కల సాలిటైర్ (ఒక్కరే ఆడుకునే పేకాట) ఆటలన్నీ ఒకేచోట, ప్రకటనల గోల లేకుండా, పైగా “ప్రతి పంపకమూ గెలవదగ్గదే” అని చెప్పి అమ్ముతున్న ఒక ఫోన్ యాప్‌కి నేను డబ్బు కట్టాను. ఆటలన్నీ ఉన్నమాట నిజం. మిగతా రెండూ అబద్ధం. పేరు రాయడం లేదు. ఇదే తీరు రేపు ఇంకో పేరుతో ఎదురైనా మీరు గుర్తుపట్టగలగాలి, నాకు కావలసింది అది.

పిరమిడ్ కొత్తవాళ్ళకి రెండు మాటలు. 52 ముక్కల్లో 28 తీసి ఏడు వరసల్లో పరుస్తారు, కొనలో ఒకటి, అడుగున ఏడు. మిగిలిన 24 కట్టలో ఉంటాయి. కలిపితే 13 వచ్చే జతల్ని తీసెయ్యాలి: ఆసుకి రాణి, రెండుకి జాకీ, మూడుకి పది, నాలుగుకి తొమ్మిది, ఐదుకి ఎనిమిది, ఆరుకి ఏడు. రాజుకి జత అక్కర్లేదు, ఒక్కడే 13. ఏ ముక్కనైనా కప్పుతున్న రెండు ముక్కలూ పోతే గానీ అది ఆడటానికి రాదు.

అడుగు వరసలో సరిగ్గా మధ్య ముక్కని చూడండి. అది కదిలేదాకా దాని వెనక 15 ముక్కలు ఇరుక్కుని ఉంటాయి. అదే వరస చివరి ముక్క అయితే ఆరే. ఇప్పుడా మధ్య ముక్క ఐదు అనుకోండి, నాలుగు ఎనిమిదులూ ఆ 15లోనే పడ్డాయనుకోండి. ఐదు పోవాలంటే ఎనిమిది కావాలి, ఎనిమిది రావాలంటే ఐదు పోవాలి. మొదటి ఎత్తు వెయ్యకముందే ఆ ఆట అయిపోయింది. మూడు ఎనిమిదులు ఇరుక్కుని నాలుగోది బయట ఉంటే ఆశ ఉంది, కానీ ఆ నాలుగోదాన్ని ఇంకో ఐదుతో ఖర్చు చెయ్యకూడదు. ఈ ఆటలో తెలివంతా ఇలాంటి లెక్కలోనే ఉంది. అందుకే అసలు పద్ధతిలో 28 ముక్కలూ ముఖం కనబడేలా పరుస్తారు.

ఈ యాప్ ఏం చేస్తుందంటే, ఆడటానికి వీలున్న ముక్కలు తప్ప మిగతావన్నీ బోర్లించి పెడుతుంది. ఇరుక్కోగానే “వెనక్కి వెళ్ళండి” అని ఒక బొత్తాం మెరుస్తుంది, దానికి నాణేలు కావాలి, నాణేలకి డబ్బు కావాలి. ఆట వదిలేస్తే మాత్రం అన్నీ తెరిచి చూపిస్తుంది. అలా తెరిచినప్పుడు పైన చెప్పినలాంటి చచ్చిన పంపకాలు మళ్ళీ మళ్ళీ కనబడ్డాయి. ఓడిపోవడం నా ఫిర్యాదు కాదు. పిరమిడ్‌లో గెలవలేని పంపకాలు ఎన్నో ఉంటాయి, ఆడేవాళ్ళకి అది తెలిసిందే. గెలుపు సాధ్యమే కాని చోట “ఇంకొక్క ఎత్తు వెనక్కి వెళ్తే గెలుస్తారు” అని డబ్బు వసూలు చెయ్యడం మోసం.

“అదనపు ముక్క” అని ఇంకొకటి అమ్ముతుంది. దాన్ని అసలు కొనకండి. అలా వచ్చిన ఇస్పేటు తొమ్మిది, అదే ఆటలో నేను అంతకుముందే తీసేసిన ఇస్పేటు తొమ్మిది! అంటే ముక్క కట్టలోంచి రావడం లేదు, ఎక్కడినుంచో పుట్టిస్తోంది. ఏ విలువవి ఎన్ని పోయాయో గుర్తుపెట్టుకుని ఆడేవాళ్ళకి ఇక ఆ ఆటలో ఏం మిగులుతుంది?

మాంటే కార్లో కూడా చెడగొట్టారు. ఐదు వరసల్లో ఐదేసి ముక్కలు పరిచి, ఆనుకుని ఉన్న ఒకే విలువ జతల్ని తీసే ఆట అది. అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా ఎటైనా చెల్లాలి. ఇందులో ఏటవాలు జత చెల్లదు, ఆ సంగతి నియమాల్లో ఎక్కడా లేదు. మధ్యలో ఉన్న ముక్కకి ఎనిమిది పొరుగులు ఉండాల్సింది నాలుగే మిగిలాయి.

స్టోర్‌లో కనిపించే చుక్కల రేటింగ్ చూసి మోసపోకండి. మొదట్లో పంచే ఆటలు చాలా తేలిక, గెలవగానే రేటింగ్ అడుగుతుంది. ప్రకటనల విషయానికొస్తే, డబ్బు కట్టాక పోయింది కింది పట్టీ ఒక్కటే. ఆటకీ ఆటకీ మధ్య వీడియోలు అలాగే ఉన్నాయి.

కొనేముందు ఒకటి అడగండి: పంపకానికి నంబరు ఉందా? నంబరు ఉంటే అదే పంపకాన్ని ఇంకొకరు కూడా ఆడి చూడగలరు. పాత విండోస్‌తో వచ్చిన ఫ్రీసెల్ అనే సాలిటైర్‌లో 32,000 పంపకాలకి నంబర్లు ఉండబట్టే ఆటగాళ్ళు వాటిని పంచుకుని ఆడి, 11982 ఒక్కటే లొంగనిదని తేల్చారు. నంబరు లేని చోట “అన్నీ గెలవదగ్గవే” అన్న మాటని ఇంకొకరు పరీక్షించే దారే లేదు. కట్టని ఎన్నిసార్లు తిప్పనిస్తారో కూడా ముందే చూసుకోండి, ఒక్కసారికీ మూడుసార్లకీ కష్టంలో చాలా తేడా ఉంటుంది. కంప్యూటర్ ఉన్నవాళ్ళకి పైసోల్ఎఫ్‌సి అనే సాలిటైర్ ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. పిరమిడ్, నెస్టర్ (ఇదీ ఒకే విలువ జతలు తీసే ఆటే), మాంటే కార్లో అన్నీ అందులో ఉన్నాయి, పంపకాలకి నంబర్లూ ఉన్నాయి.

ఇప్పటికే కట్టినవాళ్ళు ఒకపని వెంటనే చెయ్యండి. ఇది వారం వారం డబ్బు లాగే చందా. యాప్ తీసేస్తే చందా ఆగదు, గూగుల్ ప్లేలో అయినా ఆపిల్‌లో అయినా అంతే. స్టోర్ ఖాతాలో సబ్‌స్క్రిప్షన్లు అనే చోటికి వెళ్ళి అక్కడ రద్దు చెయ్యాలి. డబ్బు వాపసు అడిగితే “వాడిన నాణేలకి వాపసు లేదు” అని వీళ్ళు నాకు జవాబిచ్చారు. కాబట్టి నాణేలు ముట్టుకోకముందే, నేరుగా స్టోర్‌కే అర్జీ పెట్టండి. ఒకే ఆటలో ఒకే ముక్క రెండుసార్లు వచ్చిన తెర ఫొటో ఉంటే జతచెయ్యండి.