సింగపూర్–న్యూయార్క్: ఆగకుండా వెళ్ళడం మేలా, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి వెళ్ళడం మేలా

సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయానికి విమాన దూరం 15,300 కిలోమీటర్ల పైనే, ఆగకుండా వెళ్ళే ఫ్లైట్‌లో దాదాపు 18 గంటల పైచిలుకు కూర్చోవాలి. నేను వెళ్ళేటప్పుడు సింగపూర్ ఎయిర్‌లైన్స్ నాన్‌స్టాప్ తీసుకున్నా, వచ్చేటప్పుడు కావాలనే ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా బుక్ చేసుకున్నా, రెండూ పోల్చి చూద్దామని.

నాన్‌స్టాప్‌కి వాడేది ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్ఆర్ (చాలా దూరం ఆగకుండా వెళ్ళేందుకు చేసిన రకం), అందులో 161 సీట్లే, బిజినెస్, ప్రీమియం ఎకానమీ తప్ప మామూలు ఎకానమీ అసలు లేదు, కాబట్టి టికెట్ ఖర్చు చూసుకునేవాళ్ళకి ఫ్రాంక్‌ఫర్ట్ రూటే నయం. ప్రీమియం ఎకానమీలో చివరి వరసల్లో కిటికీ వైపు ఒక్కొక్క సీటే ఉంటుంది, పక్కన ఎవరూ ఉండరు, కిటికీ కింద సామాను పెట్టుకునే పెట్టె కూడా ఉంటుంది, ఒంటరిగా వెళ్ళేవాళ్ళు అది దొరికితే మాత్రం అస్సలు వదలొద్దు, నేను అందులోనే హాయిగా నిద్రపోయాను, లేవాలంటే ఎవర్నీ లేపక్కర్లేదు.

దూరం ఒకటే అయినా టైమ్ రోజూ ఒకేలా ఉండదు. గ్లోబు మీద దారం పెట్టి చూస్తే ఉత్తర ధ్రువం దగ్గర్నుంచి పోవడమే దగ్గరి దారి, కానీ జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తులో జోరుగా వీచే గాలి, పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కదా, ఆ గాలి వెనక నుంచి తోస్తే చుట్టూ తిరిగి వెళ్ళినా ముందే చేరతారు, అందుకే సింగపూర్ నుంచి వెళ్ళేటప్పుడు చాలాసార్లు పసిఫిక్ మీదుగా తీసుకెళ్తారు. గడియారం తేడా చలికాలంలో 13 గంటలు, ఎండాకాలంలో 12, దాంతో అర్ధరాత్రి ముందర ఎక్కినవాళ్ళం అంతసేపు ప్రయాణించి దిగితే అక్కడ అప్పుడే తెల్లారుతోంది.

వచ్చేటప్పుడు సాయంత్రం జేఎఫ్‌కేలో ఎక్కితే పొద్దున ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడ అందరం దిగి మళ్ళీ అదే విమానం ఎక్కాం, మర్నాడు తెల్లారేసరికి సింగపూర్. మొత్తం 22 గంటల దాకా పట్టింది, అంటే మూడు నాలుగు గంటలు ఎక్కువ. కానీ ఆ మధ్యలో టెర్మినల్‌లో అటూ ఇటూ నడిచాక కాళ్ళ పట్టేసినతనం పోయింది, మడమల దగ్గర వాపు కూడా తగ్గింది. మా అమ్మానాన్నలకైతే నేను ఇదే బుక్ చేస్తా, పెద్దవాళ్ళకి 18 గంటలు ఒకే సీట్లో చాలా కష్టం. నాకు మాత్రం నాన్‌స్టాపే, నిద్ర మధ్యలో తెగలేదు కాబట్టి దిగిన రోజే పని చేసుకోగలిగాను.

ఇంకోటి, జేఎఫ్‌కేలో దిగాక ఎయిర్‌ట్రెయిన్‌లో (విమానాశ్రయం వాళ్ళ రైలు) జమైకా స్టేషన్ దాకా వెళ్ళి అక్కడ సబ్‌వే గానీ లాంగ్ ఐలాండ్ రైలు గానీ మారాలి, పెద్ద సామానుంటే రైలే ఎక్కండి, సబ్‌వే కన్నా తొందరగా మాన్‌హాటన్ చేరుస్తుంది.